కారణం గడిలో కడుపునొప్పి

'కడుపునొప్పి తాళలేక.' పత్రికల్లో జిల్లా పేజీలు దిద్దినవాళ్లకు ఈ మాట కంఠతా వచ్చు. నేను డెస్కులో ఉన్న రోజుల్లో పోలీసు స్టేషన్ నుంచి వచ్చే రెండు ముక్కల ఆత్మహత్య వార్తల్లో తరచూ ఇదే కారణం. పోయింది పాతికేళ్ల కోడలైనా, డెబ్బై దాటిన పెద్దాయనైనా సరే. ఇంటివాళ్లు అలా చెప్పడం వింతేమీ కాదు. 1860 నాటి శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ ఆత్మహత్యాయత్నాన్నే నేరం చేసింది. ప్రాణం దక్కితే కేసు, పోతే శవపంచనామా, ఊళ్లో గుసగుసలు. జబ్బు పేరు చెబితే ఎవరూ గుచ్చి అడగరు.

ఆ సెక్షన్ చెల్లదని 1994లో సుప్రీంకోర్టు తేల్చింది. రెండేళ్లు తిరగకముందే రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పును తిరగరాసింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆ సెక్షన్ కోరలు పీకితే, 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చాక గానీ అది పూర్తిగా పోలేదు. (అధికారిని బెదిరించడానికి చేసే ప్రయత్నం మాత్రం ఇంకా నేరమే.)

ఆత్మహత్యల మీద మన లెక్కలన్నీ ఆ పంచనామా కాగితాల్లోంచే వస్తాయి. జాతీయ నేర రికార్డుల సంస్థ 2022కి చెప్పిన సంఖ్య 1,70,924. లక్ష జనాభాకు 12.4. తెలంగాణలో 26.3, బీహార్‌లో 0.6! బీహార్‌లో కష్టాలు లేవని ఎవరంటారు? నమోదులోని తేడా కూడా ఇందులో కలిసిపోయి ఉంది. ఇంటింటికీ వెళ్లి అడిగిన ఒక అధ్యయనం 2010లో ఇలాంటి మరణాలు 1.87 లక్షలని అంచనా వేసింది. పోలీసు లెక్క 1.35 లక్షలు కూడా దాటలేదు.

2022 లెక్కలో మగవాళ్లు నూటికి 72 మంది. మొత్తం మీద నాలుగో వంతుకు పైగా రోజుకూలీలు. 18 ఏళ్లు నిండనివారిలో మాత్రం తూకం తిరగబడి అమ్మాయిలే ఎక్కువ. దీని గురించి మనం మాట్లాడేది బహు తక్కువ. ఇంటర్ ఫలితాల వారం గడిచిందంటే ఆ చర్చ కూడా ముగిసినట్టే.

ఆడవాళ్ల విషయంలో చట్టం ఒక గీత గీసింది. 1983 సవరణలతో, పెళ్లైన ఏడేళ్లలోపు భార్య ఇలా చనిపోతే మెజిస్ట్రేటు విచారణ తప్పనిసరైంది. మన దగ్గర తహసీల్దారు వచ్చి పుట్టింటివాళ్లను పక్కకు పిలిచి అడుగుతారు. అక్కడ కాస్తయినా తవ్వుతారు. ఎనిమిదో ఏడు వస్తే, నేను చూసినంతలో, మళ్లీ కడుపునొప్పే.

ఆ లెక్కల పట్టికలో వృత్తి రాసే గడి కథ ఇంకా పెద్దది. రైతుల్ని విడిగా లెక్కించడం 1995లో మొదలైంది. 1997-98లో వరంగల్ పత్తి రైతుల చావులతో ఆ గడి దేశమంతటికీ తెలిసింది. 2004 జూన్‌లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జీవో 421 ఇచ్చింది. ఇలా చనిపోయిన రైతు కుటుంబానికి లక్ష, అప్పుల సర్దుబాటుకు మరో 50 వేలు. అప్పట్నుంచీ 'రైతు' అనిపించుకోవడానికి కాగితం కావాల్సొచ్చింది. పాస్‌బుక్ లేని కౌలుదారుకు అక్కడే చిక్కు. పొద్దంతా పత్తి ఏరినా పట్టా భర్త పేరు మీదుంటే ఆమె 'గృహిణి'. 2022లో చనిపోయిన 48 వేల పైచిలుకు ఆడవాళ్లలో 25,309 మంది ఆ ఒక్క గడిలోనే ఉన్నారు. వాళ్లలో ఎందరి చేతులకు పత్తికాయలు గీరిన గాట్లున్నాయో ఆ పట్టిక చెప్పదు.

ముసలివాళ్ల సంగతి మరీ అన్యాయం. పద్దెనిమిది నుంచి అరవై దాకా మూడు వయసు గడులున్నాయి. అరవై దాటినవాళ్లకు ఒకటే. అరవై ఒకటికీ ఎనభై ఐదుకూ తేడా లేదు. వాళ్ల పక్కన 'అనారోగ్యం' అని రాస్తే అనుమానించేవాడుండడు. పిల్లలు దూరమై ఒంటిగా మిగిలినదీ, మందులకు చెయ్యి చాపలేకపోయినదీ అందులోనే కలిసిపోతాయి.

2022 అక్టోబరులో కేంద్రం టెలిమానస్ అనే మానసిక సాయం ఫోన్ సేవ తెచ్చింది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు. మనసు బాగోలేదని చెప్పడానికి అక్కడ కడుపునొప్పి సాకు అక్కర్లేదు.