తలేహ్ కోట: బాంబులు పడి నూరేళ్లు దాటాక

1920 జనవరి 21న తూర్పు ఆఫ్రికాలోని బ్రిటిష్ సోమాలిలాండ్ మీద బాంబుల వర్షం మొదలైంది. దాడికి వచ్చిన దళంలో ఉన్నవి 12 విమానాలే. వాటిని ఓడలో బెర్బెరా రేవుకు చేర్చారు. వలసపాలన మీద సయ్యద్ మొహమ్మద్ అబ్దుల్లా హసన్ నడిపిన దర్వేష్ ఉద్యమాన్ని అణచడమే వాటి పని. 1900 నుంచి నాలుగు పెద్ద దండయాత్రలు చేసినా లొంగని ఆ ఉద్యమం ఈసారి మూడు వారాల్లో చెదిరిపోయింది. ఫిబ్రవరిలో దర్వేష్ రాజధాని తలేహ్ బ్రిటిష్ పక్షం చేతికి చిక్కింది. ఇథియోపియాలోని ఒగాడెన్ వైపు తప్పించుకున్న సయ్యద్ అదే ఏడాది డిసెంబరులో ఇమీ దగ్గర జబ్బుపడి చనిపోయాడు. తిరుగుబాట్లను ఆకాశం నుంచి చవగ్గా అణచవచ్చన్న నమ్మకం బ్రిటన్‌కు ఇక్కడే బలపడింది. ఆ తర్వాత అదే పద్ధతిని ఇరాక్‌లో వాడింది.

యుద్ధాల చరిత్రలో ఇంత చోటున్న తలేహ్ ఈరోజు సూల్ ప్రాంతంలో ఒక చిన్న ఊరు. కొన్ని బురుజులు నిలబడి ఉన్నాయి, కొన్ని రాళ్లగుట్టలయ్యాయి. వాటి మధ్యే జనం కాపురాలున్నాయి. నిజం చెప్పాలంటే బాంబులు చేసిన నష్టంకన్నా ఆ తర్వాతి నూరేళ్లు చేసిన నష్టమే ఎక్కువ. దానికి కారణం జనానికి అభిమానం లేకపోవడమని సులువుగా అనేస్తుంటారు. సయ్యద్ కవితలు కంఠస్థంగా చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్న సమాజం గురించి ఆ మాట అనడం అన్యాయం. అసలు చిక్కు ఎక్కడుందో తెలియాలంటే ఆ కోటలు ఎందుకు లేచాయో ముందు చూడాలి.

1899లో మొదలైనప్పుడు దర్వేష్ ఉద్యమానికి కోటలు లేవు. ఒంటెలు, గుర్రాలు, గొర్రెల మందలతో సహా కదిలిపోవడమే దాని బలం. సైన్యం వచ్చేసరికి శిబిరం ఖాళీగా ఉండేది. 1905లో, పక్కనే వలసపాలన నడిపిన ఇటలీతో కుదిరిన ఒప్పందం వల్ల నుగాల్ లోయలో సయ్యద్‌కు కాలు నిలిపే చోటు దొరికింది. 1910లో బ్రిటిష్ వాళ్లు లోతట్టు ప్రాంతాలను వదిలి తీరపట్టణాలకే పరిమితమయ్యారు. అలా దొరికిన వెసులుబాటులో యెమెన్ నుంచి తాపీ మేస్త్రీలను రప్పించి కోటలు కట్టించాడు. తలేహ్‌లోని సిల్సిలద్ కోటల సముదాయం వాటిలో పెద్దది. ఫిరంగిదెబ్బకు ఓర్చుకునేంత మందంగా గోడలు, ఎత్తైన బురుజులు, లోపల ధాన్యం కొట్లు, చేరువలో నీటి వసతి: ఏళ్లతరబడి ముట్టడిని తట్టుకునేలా వేసిన కట్టడం అది. సంచార ఉద్యమం రాజ్యంగా మారిందనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు. కదలని రాజధాని శత్రువుకు కదలని గురి కూడా అయింది. సయ్యద్ చేసిన పెద్ద పొరపాటు కోటలు కట్టడమేనన్న చరిత్రకారుల వాదన అక్కడి నుంచే వచ్చింది.

కోటను పట్టడం ఎంత కష్టమో బ్రిటిష్ వాళ్లకు ముందే తెలుసు. 1914 నవంబరులో బురావో దాపుల్లోని షింబర్ బెర్రిస్ కోటల మీదికి వెళ్లినప్పుడు కార్టన్ డి వియార్ట్ అనే అధికారి కన్ను పోయింది. మరుసటి ఏడాది మళ్లీ వెళ్లి ఆ కోటలను మందుపాతరలతో పేల్చేశారు. ఈ యుద్ధాల్లో భారతీయ సిపాయిలు కూడా పోరాడారన్నది మనకు తెలియవలసిన సంగతి. 1898 దాకా బ్రిటిష్ సోమాలిలాండ్ అనే ఈ రక్షిత ప్రాంతాన్ని ఏడెన్ ద్వారా నడిపింది బ్రిటిష్ ఇండియా ప్రభుత్వమే.

1960లో సోమాలియాకు స్వాతంత్ర్యం వచ్చింది. 1969లో అధికారం పట్టిన సియాద్ బర్రే ప్రభుత్వం సయ్యద్‌ను జాతీయ వీరుడిగా నిలిపింది. మొగదిషులో గుర్రమెక్కిన సయ్యద్ విగ్రహం పెట్టింది. కోట మరమ్మతుకు మాత్రం అలాంటి ఉత్సాహం కనబడలేదు. విగ్రహం రాజధానిలో అందరి కళ్ల ఎదుట ఉంటుంది, కోట ఎక్కడో సరిహద్దు పల్లెలో ఉంటుంది. 1991లో ప్రభుత్వం కూలాక ఆ విగ్రహాన్నీ పడగొట్టి తుక్కుకింద అమ్మేశారు.

అందరికీ సయ్యద్ వీరుడే అనుకోవడమూ పొరపాటు. దర్వేష్ దళాలు బ్రిటిష్ పక్షాన నిలిచిన సోమాలీ తెగల మందలను దోచాయి, మనుషులను చంపాయి. వాయవ్యాన ఇసాక్ తెగల ఇళ్లలో ఆ జ్ఞాపకం ఇంకా ఉంది. 1991లో విడిగా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న సోమాలిలాండ్‌కు ఆ తెగలే వెన్నెముక. తలేహ్ చుట్టూ ఉన్న ధుల్బహాంతే తెగకు ఆ కోట తాతల ఇల్లు. సోమాలిలాండ్ రాజధాని హర్గెయిసాకు అదే కోట పాత గాయాన్ని గుర్తుచేస్తుంది. సూల్ మాదంటే మాదని సోమాలిలాండ్, దాని తూర్పున ఉన్న పుంట్‌లాండ్ రాష్ట్రం వాదులాడుకున్నాయి. 2012 జనవరిలో ఖాతుమో పేరిట కొత్త రాష్ట్రాన్ని తలేహ్‌లోనే ప్రకటించారు. 2023లో సూల్ ముఖ్యపట్టణం లాస్ ఆనోడ్ కోసం నెలల తరబడి యుద్ధం జరిగి, ఆగస్టులో సోమాలిలాండ్ సేనలు వెనక్కి తగ్గాయి. కోటను జెండా ఎగరేయడానికి అందరూ వాడుకున్నారు. గోడకు సున్నం వేయించే బాధ్యత మాత్రం ఏ కార్యాలయానిదీ కాలేదు.

తలేహ్ వయసు నూట పదేళ్ల పైమాటే. దానికన్నా ఎన్నో వందల ఏళ్లు పాతవైన ఊళ్లు ఇంకా అన్యాయానికి గురయ్యాయి. సరిహద్దు సర్వేకి వచ్చిన ఎ.టి. కర్ల్ అనే బ్రిటిష్ అధికారి 1930లలో సోమాలిలాండ్ పడమటనున్న బోరామా పరిసరాల్లో పాడుబడ్డ ఊళ్లను తవ్వి చూశాడు. అముద్ అనే చోట రాతి ఇళ్లు, మసీదు, లోపల గూళ్లు, చైనా నుంచి వచ్చిన ఆకుపచ్చ పింగాణీ ముక్కలు బయటపడ్డాయి. లోతట్టు కొండల్లోకి చైనా గిన్నె చేరిందంటే రేవు నుంచి ఒంటెల బిడారు దారి ఎంత చురుగ్గా నడిచేదో ఊహించుకోవచ్చు. అప్పటి పండితులు మాత్రం సోమాలీలంటే మందలు తోలుకునేవాళ్లే అన్న అభిప్రాయంతో ఉండేవాళ్లు. అందుకే రాయి కనబడిన ప్రతిచోటా అరబ్బుల పేరు రాశారు. నా దృష్టిలో ఈ వారసత్వానికి జరిగిన మొదటి నష్టం ఇదే. ఒక కట్టడం మీ తాతలది కాదని మూడు తరాలు బడిలో చెబితే దాని రాళ్లు ఎత్తుకెళ్లి దొడ్డిగోడ కట్టుకోవడం తప్పుగా తోచదు. గత దశాబ్దంలో స్పెయిన్ పురావస్తు బృందం సోమాలిలాండ్‌లో చేసిన తవ్వకాలు, సాదా మిరే వంటి సోమాలీ పురావస్తు శాస్త్రవేత్తల కృషి ఈ కథను తిరగరాస్తున్నాయి.

వాయవ్య తీరంలోని జైలా సంగతి వేరు. మధ్యయుగంలో ఈ ప్రాంతాన్ని ఏలిన అదల్ సుల్తానుల కాలంలో పేరుమోసిన రేవు అది. 1331 ప్రాంతంలో అక్కడ దిగిన ఇబ్న్ బతూతా చేపల కంపు, వీధుల్లో కోసిన ఒంటెల నెత్తురు భరించలేక రాత్రి ఓడలోనే పడుకున్నాడు. 1517లో పోర్చుగీసు వాళ్లు ఊరిని తగలబెట్టినా మళ్లీ లేచింది. దాన్ని నిజంగా దెబ్బతీసింది జిబూతీ రేవు, 1917లో అక్కడి నుంచి అడ్డిస్ అబాబా దాకా పూర్తయిన రైలుమార్గం. వ్యాపారం పోయాక షావుకార్లు పోయారు. పగడపు రాయి, సున్నంతో కట్టిన ఇంటికి ఎప్పటికప్పుడు పూత వేయాలి. లేకపోతే ఉప్పుగాలి లోపలికి దిగి రాయిని పొడి చేస్తుంది. రెండు మిహ్రాబులు (ప్రార్థన దిక్కు చూపే గూళ్లు) ఉన్న పాత మసీదు ఇప్పుడు మొండిగోడలతో మిగిలింది.

మొగదిషులో 13వ శతాబ్దపు మసీదులున్నాయి. హమర్ వెయిన్ జామియా మీనారు మీది శాసనం 1238 నాటిది, ఫఖ్రుద్దీన్ మసీదు 1269 నాటిది. జాంజిబార్ సుల్తాను తన ప్రతినిధి కోసం కట్టించిన గరేసా భవనం తర్వాత మ్యూజియమైంది. అంతర్యుద్ధంలో అందులోని వస్తువులు దోపిడీ అయ్యాయి. ఇటాలియన్లు 1928లో పూర్తిచేసిన కేథడ్రల్ శిథిలమైంది. ఆ తర్వాత తీవ్రవాద సంస్థ అల్ షబాబ్ తన పట్టులోని ప్రాంతాల్లో సూఫీ సమాధులను కూల్చింది. 2012 తర్వాత కాస్త శాంతి దొరికితే విదేశాల్లోని సోమాలీల డబ్బుతో కొత్త మేడలు లేచాయి. పాత ఇళ్లకు ఇప్పుడు ఆ కాంక్రీటూ ముప్పుగానే ఉంది.

యునెస్కో ప్రపంచ వారసత్వ ఒప్పందంలో సోమాలియా చేరింది 2020లోనే. పక్కనే ఇథియోపియాలో ఉన్న హరార్ కోటపట్టణం ఒకప్పుడు ఇదే అదల్ సుల్తానుల రాజధాని, 2006లోనే ఆ జాబితాకెక్కింది. హర్గెయిసాకు 50 కిలోమీటర్ల దాపున్న లాస్ గీల్ గుహల్లో వేల ఏళ్లనాటి ఆవుల చిత్రాలున్నాయి. 2002లో ఫ్రెంచి పరిశోధకులు చూసి ప్రపంచానికి చెప్పారు, స్థానికులకు అంతకుముందే తెలుసు. వాటి పేరు ప్రతిపాదించాలంటే ఒప్పందంలో ఉన్న దేశమే చేయాలి. ఒప్పందం మొగదిషు చేతిలో, గుహలు హర్గెయిసా చేతిలో ఉన్నాయి. ఈ ముడి విప్పకుండా ఒక్క దరఖాస్తూ ముందుకు కదలదు.

అయినా జాబితా వచ్చేదాకా ఆగాల్సిన పని లేదని లాస్ గీల్ చూపించింది. దేశంగా గుర్తింపు కోసం పోరాడుతున్న సోమాలిలాండ్ ప్రభుత్వమే అక్కడ కాపలా పెట్టింది, సందర్శకులకు అనుమతి చీటీ పద్ధతి తెచ్చింది, చిన్న మ్యూజియం కట్టింది. తలేహ్‌కు ముందుగా కావలసింది కూడా ఆపాటి ఏర్పాటే: నిలబడి ఉన్న ప్రతి బురుజుకూ కొలతలతో పటం, గోడల తలల మీద వాన దిగకుండా సున్నపు పూత, రాళ్లు తరలకుండా చూసే మనిషి, ఆ మనిషికి ఏ జెండా మారినా ఆగని జీతం.