బాకీల డైరీలో డెంగీ

తిరుపతి కొర్లగుంటలో మా వీధికి స్కూటర్ మీద వచ్చి చూసిపోయే ఆర్‌ఎంపీ డాక్టరు జేబులో చిన్న డైరీ ఉంటుంది. ఆయన రాసుకునేది బాకీల కోసం: ఏ ఇల్లు, ఏం జబ్బు, ఎంత రావాలి. ఓసారి అమ్మకు బీపీ చూస్తుంటే అది తిరగేశాను. అక్టోబరంతా దగ్గు, పడిశం. నవంబరు మూడో వారానికి 'జ్వరం, ఒళ్లునొప్పులు, కంటి వెనక పోటు' అని పేజీ నిండా ఒకటే వరస.

ఫ్రాన్స్‌లో ఇలాంటి డైరీలన్నీ కలిపి చదివే ఏర్పాటు ఉంది. ఫోన్ చేస్తే ఇంటికొచ్చే ఎస్‌ఓఎస్ మెద్సాన్ డాక్టర్ల సేవ అక్కడ 1966లో మొదలైంది. 2003 వేసవి ఎండలకు దాదాపు 15 వేల మంది పోయారు, ప్రభుత్వం ఆలస్యంగా మేలుకుంది. ఆ దెబ్బతో 2004 నుంచి ఎమర్జెన్సీ వార్డుల లెక్కలు, తర్వాత ఈ డాక్టర్ల విజిట్లు కూడా సేకరించి వారం వారం బులెటిన్ వేస్తున్నారు. ల్యాబ్ రిపోర్టు కోసం ఆగరు. డాక్టరు అనుమానించిన జబ్బే లెక్క. కొన్ని తప్పు కావచ్చు, పోనీ. పెరుగుతోందా తగ్గుతోందా తెలియడానికి అది చాలు.

రోజు లెక్కను మాత్రం నమ్మలేం. మన క్లినిక్కులు ఆదివారం మూస్తే సోమవారం కిటకిట. అక్కడ మామూలు డాక్టర్లు దొరకని ఆదివారమే వీళ్లకు ఫోన్లెక్కువ. ఏడు రోజులు కలిపితే ఆ ఎగుడుదిగుళ్లు సర్దుకుంటాయి. తిరుపతికి ఇంకో చిక్కు: బ్రహ్మోత్సవాలకు జనం పెరిగితే కేసులూ పెరుగుతాయి. కాబట్టి వచ్చిన వందమందిలో జ్వరాలెన్ని అని చూడాలి.

డెంగీ వాన పడగానే రాదు. డ్రమ్ములో, పాత టైరులో నిలిచిన నీట్లో గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు. అది డెంగీ ఉన్నవాణ్ణి కుట్టాక వైరస్ దోమ ఒంట్లో ముదరడానికి ఇంకో 8 నుంచి 12 రోజులు. మనల్ని కుట్టాక జ్వరానికి 4 నుంచి 10 రోజులు. అంటే అక్టోబరు వాన నవంబరు పేజీలో కనబడుతుంది. కలుషిత నీటి విరేచనాలైతే కొద్ది రోజుల్లోనే పైకి తేలతాయి.

మన దగ్గరా 2004లోనే జబ్బుల మీద నిఘా పెట్టే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం, ఐడీఎస్‌పీ, మొదలైంది. ఏఎన్‌ఎంలు లక్షణాలను బట్టి లెక్క పంపుతారు. మా ఆర్‌ఎంపీ డైరీ మాత్రం దాంట్లోకి ఎక్కదు. ఇదంతా ఆయనకు చెబితే నవ్వి, "లెక్క బాగుంది సార్, ఆ పేజీలోనే మీ వీధి బాకీ ఎంతుందో కూడా చూడండి" అన్నారు.