సిమ్యులేషన్‌కి ముందు కాగితం పని: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: సిమ్యులేషన్ అంటే ఒక పని ఎలా నడుస్తుందో కంప్యూటర్లో నడిపి చూడటమే కదా, సాఫ్ట్‌వేర్ తెరిచి మోడల్ కట్టేస్తే చాలు, డాక్యుమెంట్ తర్వాత రాసుకోవచ్చు.

వాస్తవం: నేనూ అలాగే చేసి నవ్వులపాలయ్యాను. భీమవరం దగ్గర ఒక రైస్ మిల్లులో సార్వా కోతలప్పుడు ధాన్యం లారీలు రోడ్డు దాకా బారులు తీరేవి. కాటా మీద ఒక్కో బండి ఎంతసేపు ఉంటోందో కొలిచి, రెండో కాటా పెడితే క్యూ తగ్గుతుందని యానిమేషన్ వేసి చూపించాం. ముఠా మేస్త్రి కాసేపు చూసి, "ఆయ్, బానే ఉందండి. మరి కాటా దిగిన బండిలో బస్తాలు ఎవరు దింపుతారండి?" అన్నాడు. మా మోడల్లో ముఠాయే లేదు. తేమ 17 శాతం దాటిందని పక్కన పెట్టిన బండి వెనకాల దారి మూసుకుపోతుందన్న సంగతీ లేదు.

కోడ్ కంటే ముందు రావాల్సింది కాన్సెప్చువల్ మోడల్, అంటే కట్టబోయే మోడల్ ఎలా ఉంటుందో కాగితం మీద రాసుకున్న వివరం. ఏ ప్రశ్నకి జవాబు కావాలి, ఏం మార్చి చూస్తాం, ఏం కొలుస్తాం, లోపల ఏమేం ఉంటాయి, ఏం వదిలేశాం, ఇవన్నీ అందులో ఉండాలి. ఏ సాఫ్ట్‌వేర్ వాడతామన్నదానితో దానికి పని లేదు. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఏమేం కావాలో ముందుగా రిక్వైర్‌మెంట్స్ రాసుకునే అలవాటే ఇక్కడా పనికొస్తుంది.

అపోహ: వివరాలు ఎంత ఎక్కువుంటే మోడల్ అంత నిజం.

వాస్తవం: ప్రశ్నని బట్టి. ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లు. దాళ్వాలో వంతులవారీ పెడితే శివారు చేలకి నీళ్లందుతాయా అన్నదే ప్రశ్నయితే కాలవలోకి ఎంత వదులుతున్నారో తెలిస్తే చాలు. వరదప్పుడు గేట్లు ఎత్తే క్రమం చూడాలంటే మాత్రం ఒక్కో గేటూ కావాలి.

అపోహ: అజంప్షన్ అన్నా సింప్లిఫికేషన్ అన్నా ఒకటే.

వాస్తవం: తెలియక అనుకునేది మొదటిది, తెలిసీ వదిలేసేది రెండోది. రేపు వాన పడితే ఎన్ని బండ్లొస్తాయో తెలీదు, ఇన్ని అని అనుకున్నాం. ముఠాలో అందరి వేగం ఒకటి కాదని తెలుసు, అయినా సగటు తీసుకున్నాం. రెంటికీ విడివిడిగా నంబర్లిచ్చి గిట్‌లో (ఫైళ్లలో చేసిన ప్రతి మార్పునీ దాచిపెట్టే సాఫ్ట్‌వేర్) పెడతాను, ఏది ఎప్పుడు ఎందుకు మార్చామో కనబడాలని.

అపోహ: యూఎంఎల్ బొమ్మలు (సాఫ్ట్‌వేర్ వాళ్లు డిజైన్ గీసుకునే పద్ధతి) ప్రోగ్రామర్లకే అర్థమవుతాయి.

వాస్తవం: ప్రోగ్రామ్‌లోని భాగాలు, వాటి సంబంధాలు చూపే క్లాస్ డయాగ్రమ్ అయితే నిజమే, మిల్లుకి పట్టుకెళ్లకండి. ఏ పని తర్వాత ఏ పనో బాణాలతో చూపే యాక్టివిటీ డయాగ్రమ్ అలా కాదు. కాటా గుమస్తా, తేమ చూసే కుర్రాడు, డ్రైవరు, ముఠా, ఒక్కొక్కరికీ ఒక నిలువు గడి గీసి ఎవరి పని వాళ్ల గడిలో రాశాం. (ఒక్కో పనికి పట్టే సమయం పూటకోలా మారుతుంది కదా, అది బొమ్మలో ఇమడదు. పక్కన పట్టిక వేసుకోవాల్సిందే.)

ఈసారి మేస్త్రికి కంప్యూటర్ చూపించలేదు, కాగితమే ఇచ్చాం. దాని మీద వేలు పెట్టి ఒక్కో బాణం వెంట జరుపుకుంటూ వచ్చి ముఠా గడిలో ఆగాడు.

"నాలుగింటికి టీ ఏదండి?"