నిమ్మరసం గొంతు దిగాక సంగతి సరే, పళ్ళ మీద సంగతేంటి?

పర్లాకిమిడిలో పంటి వైద్యం చేస్తున్నాను. ఊళ్ళోని ఒడియా వాళ్ళు, తెలుగు వాళ్ళు, సరిహద్దు దాటి పాతపట్నం వైపు నుంచి వచ్చేవాళ్ళు, అందరి నోళ్ళూ చూస్తాను. ఎండలు ముదిరాయంటే రోజూ ఇదే మాట: "పళ్ళు పులిసిపోయాయి డాక్టరమ్మా, చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటున్నాయి." ఏం తాగుతున్నారని అడిగితే, పరగడుపున నిమ్మరసం, తేనె. "పుల్లగా ఉన్నా ఒంట్లోకి వెళ్ళాక ఆల్కలైన్ (క్షారం, అంటే ఆమ్లానికి వ్యతిరేకం) అయిపోతుందట కదా!" ఎవరు చెప్పారంటే ఫోన్ తీసి వీడియో చూపిస్తారు.

అపోహ: నిమ్మరసం ఆల్కలైన్, ఎంత తాగినా పళ్ళకేం కాదు.

ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఇంత సులువుగా నమ్ముతున్నారు. నిమ్మలోని సిట్రేట్‌ను శరీరం వాడుకున్నాక బైకార్బనేట్ అనే క్షారం మిగులుతుంది, మూత్రంలో ఆమ్లత్వం కాస్త తగ్గుతుంది. కొన్ని రకాల కిడ్నీ రాళ్ళకు నిమ్మరసం తాగమనేది అందుకే. రక్తం మాత్రం మారదు. దాని పీహెచ్‌ను (ఆమ్లత్వాన్ని కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 7.35 – 7.45 మధ్య ఊపిరితిత్తులు, కిడ్నీలు పట్టి ఉంచుతాయి. ఇదంతా గొంతు దిగాక జరిగే కథ. పళ్ళు గొంతుకంటే ముందున్నాయి కదా! అచ్చమైన నిమ్మరసం పీహెచ్ 2 – 2.5, గ్లాసు నీళ్ళలో ఒక చెక్క పిండినా 3కి అటూ ఇటూ. సుమారు 5.5 కంటే దిగితే ఎనామిల్, అంటే పంటి మీది గట్టి పొర, కరగడం మొదలవుతుంది. పీహెచ్ ఒక్క అంకె తగ్గితే ఆమ్లం పది రెట్లు పెరిగినట్టు. 5.5 నుంచి 2.5 అంటే వెయ్యి రెట్లు.

ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. నాలుగేళ్ళుగా రోజూ పేపరు చదువుతూ అరగంట సేపు గోరువెచ్చని నిమ్మరసం చప్పరించడం, నోరు పుల్లగా ఉందని వెంటనే గట్టి బ్రష్షుతో తోమడం ఆయనకు అలవాటు. ముందు పళ్ళ అంచులు పల్చబడి, లైటు వేస్తే అద్దంలా వెలుగు ఇవతలికి కనిపించింది. దవడ పంటిలో ఎప్పుడో పెట్టిన ఫిల్లింగ్ చుట్టూ పన్ను అరిగిపోయి, అది ఒక్కటే ఎత్తుగా మిగిలింది, వానకు మట్టి కొట్టుకుపోయిన దారిలో రాయి తేలినట్టు. ఆయన ముఖం చూడలేకపోయాను. ఏ దురలవాటూ లేని మనిషి, ఆరోగ్యం కోసమే చేశారు. కరిగిపోయిన ఎనామిల్ మళ్ళీ పుట్టదని చెప్పాల్సి వచ్చింది.

నిమ్మరసం మానమని నేను ఎవరికీ చెప్పను. చప్పరించకండి, గబగబా తాగేయండి, తర్వాత మామూలు నీళ్ళతో పుక్కిలించండి. బ్రష్ నిమ్మరసానికి ముందే చేసేయండి. తర్వాతే చేయాలంటే కనీసం అరగంట ఆగండి. పులుపు తగిలి మెత్తబడ్డ ఎనామిల్‌ను తోమితే అది బ్రష్షుతోనే ఊడి వస్తుంది, లాలాజలానికి దాన్ని సర్దే టైమ్ ఇవ్వాలి.

తేనె, పంచదార వేస్తే పులుపు విరుగుతుందన్నది ఇంకో మాట. విరగదు, నాలుకకు తెలియకుండా పోతుందంతే. కూల్‌డ్రింకులు తియ్యగా ఉంటాయని పిల్లలకు ఇస్తారు గానీ కోలా పీహెచ్ 2.5 దగ్గర ఉంటుంది, నిమ్మరసంతో సమానం. షుగర్ లేని కోలా కూడా 3 దగ్గరే ఉంటుంది, అదీ ఎనామిల్‌ను కరిగిస్తుంది. ఆరెంజ్ జ్యూస్ 3.5 – 4. పాలు 6.6 దాకా ఉంటాయి, పాల టీ కూడా ఇంచుమించు అక్కడే. టీలో పళ్ళను పాడుచేసేది చక్కెర, ఆమ్లం కాదు.

మజ్జిగ సంగతి వేరు. పెరుగు పులుపే కదా అని మానేసిన తల్లులున్నారు. పీహెచ్ 4.5 దగ్గర ఉంటుంది, నిజమే. కానీ అందులో కాల్షియం, ఫాస్ఫేట్ నిండుగా ఉంటాయి కాబట్టి పంటిలోంచి వాటిని లాక్కోదు. చిన్నప్పుడు పచ్చి మామిడికాయలు ఉప్పూకారం అద్దుకుని పొద్దంతా తినేవాళ్ళం. రాత్రి మెతుకు కూడా నమలలేకపోతే మా నాయనమ్మ "పళ్ళు పులిశాయి, ఇవాళ్టికి పెరుగన్నం మింగు" అని కలిపి పెట్టేది. పెరుగే ఎందుకో కాలేజీలో చదివాక గానీ నాకు తెలియలేదు.

జివ్వుమంటున్న పళ్ళకు గుడాఖు రాసుకుని వచ్చేవాళ్ళను చూస్తే మాత్రం నాకు కోపం ఆగదు. అది పొగాకు. కాసేపు మొద్దుబారినట్టుంటుంది, ఈలోపు చిగుళ్ళు పాడవుతాయి. మెత్తటి బ్రష్షు, ఫ్లోరైడ్ పేస్టు వాడండి, తగ్గకపోతే వచ్చి చూపించండి.

మొన్న ఒక పెద్దావిడ ఇవన్నీ విని భయపడిపోయింది. "అయితే తరవాణి కూడా మానేయాలా డాక్టరమ్మా?" ఒడియా వాళ్ళ తొరాణి, మన తరవాణి రెండూ అన్నం నానబెట్టి పులియనిచ్చిన నీళ్ళే, పుల్లనివే. కానీ చద్దన్నంతో కలిపి తాగేసి లేచేదే తప్ప గంటలకొద్దీ నోట్లో పెట్టుకునేది కాదు. "మానకండమ్మా, తాగి నోరు పుక్కిలించండి చాలు" అన్నాను.