కంచి గోపురం మీద వాకీటాకీ

గుంటూరు నుంచి ఒక ఇంటర్ కుర్రాడు అడిగాడు: "సార్, టిప్పు సుల్తాన్ దగ్గర డ్రోన్లు ఉండి ఉంటే ఇంగ్లీషువాళ్ళ పీడ అప్పుడే విరగడయ్యేదా?" బ్రహ్మాస్త్రమే అణుబాంబనీ, పుష్పకమే జెట్ విమానమనీ పొద్దున్నే వాట్సాప్‌లో పంపేవాళ్ళకంటే ఈ కుర్రాడు వెయ్యి రెట్లు నయం. వాళ్ళు 'ఉండేది' అని తేల్చేసి నిద్రపోతారు. ఇతను 'ఉండి ఉంటే' అన్నాడు. అలా అంటే లెక్క వేసుకోక తప్పదు.

డ్రోన్ల సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. గాల్లో తన చోటు తెలుసుకోవడానికి డ్రోను జీపీఎస్‌ను నమ్ముకుంటుంది. ఆ ఉపగ్రహాలు 20,000 కిలోమీటర్ల పైన తిరుగుతూ ఉండాలి, వాటిలో పరమాణు గడియారాలు నడవాలి, ఐన్‌స్టీన్ లెక్కల ప్రకారం రోజుకు 38 మైక్రోసెకన్ల తేడాను సరిదిద్దాలి. పద్దెనిమిదో శతాబ్దపు ఆకాశంలో ఇవేవీ లేవు. డ్రోను ఎగురుతుంది, కానీ గాలివాటుకు కొట్టుకుపోతుంది. మైసూరు రాకెట్ల ఇనుప గొట్టాల గురించీ, నాసా వారి వాలప్స్ కేంద్రంలో అబ్దుల్ కలాం చూసిన ఆ రాకెట్ల చిత్రపటం గురించీ అందరూ రాశారు, నేను రాయను. నన్ను పట్టి కుదిపే వస్తువు మామూలు వాకీటాకీ. ఊరేగింపులో పోలీసు నడుముకు వేలాడేది.

దానికి తగిన యుద్ధం కూడా ఉంది: 1780 సెప్టెంబరు 10, కంచి దగ్గర పొల్లిలూరు. ఓడినవాడు ఈస్టిండియా కంపెనీ కర్నల్ బెయిలీ. మా కుర్రాడికి నచ్చే విషయం ఏమిటంటే, బెయిలీ దళం బయలుదేరింది గుంటూరు సీమ నుంచే. టిప్పు తండ్రి హైదర్ అలీ కర్ణాటకం (ఇప్పటి కర్ణాటక కాదు, ఆర్కాటు నవాబు సీమ) మీద విరుచుకుపడ్డాడు, వచ్చి కలుసుకోమని కబురొస్తే దక్షిణానికి నడిచింది. కంచిలో పెద్ద సైన్యంతో హెక్టర్ మన్రో ఉన్నాడు. రాయలసీమ వాళ్ళు మండ్రోలయ్య అని తలుచుకునే థామస్ మన్రో వేరు. ఆయన అదే ఏడాది మద్రాసులో దిగిన కుర్ర సైనికుడు.

సెప్టెంబరు 6న టిప్పు బెయిలీని పేరంబాక్కం దగ్గర పట్టుకున్నాడు. కంచికి అది 14 మైళ్ళు, అంటే 22 కిలోమీటర్ల పైచిలుకు. ఫిరంగుల మోత మన్రోకు వినబడింది. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది. కాబట్టి పేరంబాక్కంలో ఫిరంగి పేలాక ఒక నిమిషం దాటాకే కంచిలో 'ఢాం' అంటుంది. ఆలస్యం పెద్ద నష్టం కాదు, ఆ ఢాంలో సమాచారం లేకపోవడమే నష్టం. యుద్ధం జరుగుతోంది అన్న ఒక్క ముక్క తప్ప, ఎవరు గెలుస్తున్నారు, ఎంతమంది మిగిలారు, మందుగుండు ఉందా అయిపోయిందా, ఏదీ తెలియదు. కంప్యూటరు వాళ్ళ భాషలో చెప్పాలంటే మన్రోకు చేరింది ఒకే ఒక్క బిట్. దాన్ని నమ్మి, కంచి గుడిలో దాచిన తిండిగింజలను వదిలేసి మొత్తం సైన్యంతో కదలడానికి అతనికి మనసొప్పలేదు. కర్నల్ ఫ్లెచర్ వెంట వెయ్యిమందిని పంపి ఊరుకున్నాడు.

సరే, ఇద్దరి చేతుల్లోనూ 5 వాట్ల వీహెచ్ఎఫ్ (అతి ఎక్కువ పౌనఃపున్యపు) వాకీటాకీలు పెడదాం. తరంగం పొడవు 2 మీటర్లు. మీట నొక్కితే మాట వినబడుతుందా?

వినబడదు. భూమి గుండ్రంగా ఉంది కదా! మనిషి నోటి ఎత్తు మీటరున్నర అనుకుంటే, ఈ తరంగాలకు దిగంతం 5 కిలోమీటర్లు. అటు 5, ఇటు 5, మొత్తం 10. ఇరవై రెండు ఎక్కడ, పది ఎక్కడ? (పైథాగరస్ సిద్ధాంతం దేనికి పనికొస్తుంది సార్ అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. దిగంతం లెక్క మొత్తం ఒక లంబకోణ త్రిభుజమే. పాఠ్యపుస్తకంలో దాన్ని గోడకు ఆనించిన నిచ్చెనతోనే ఎందుకు చెబుతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.)

అయితే కంచిలో ఏకామ్రేశ్వరుడి గుడి ఉంది. 1509లో మన కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం ఉంది. ఎత్తు సుమారు 57 మీటర్లు. మన్రో మనిషి ఒకడు దాని మీదికెక్కితే దిగంతం 31 కిలోమీటర్లకు జరుగుతుంది. బెయిలీ వైపు 5 కలిపితే 36. దారి తెరుచుకుంది!

కానీ తెరుచుకుంటే చాలదు, ఎంత చేరుతుందో చూడాలి. బెయిలీ సెట్టు నుంచి తరంగం రెండు దారుల్లో వస్తుంది: ఒకటి నేరుగా, ఇంకొకటి నేలను తాకి ఎగిరి. నేలను తాకినది తలకిందులవుతుంది. రెండు దారుల పొడవుల్లో తేడా ఎంతో తెలుసా? రెండు ఎత్తులనూ గుణించి, రెట్టింపు చేసి, దూరంతో భాగించాలి. 57 ఇంటూ 1.5 ఇంటూ 2, బై 22,000. ఎనిమిది మిల్లీమీటర్లు! రెండు మీటర్ల తరంగానికి ఎనిమిది మిల్లీమీటర్లు ఒక లెక్కా? అంటే నేరుగా వచ్చినదీ, తలకిందులై వచ్చినదీ దాదాపు పూర్తిగా ఒకదాన్నొకటి మింగేసుకుంటాయి. మిగిలేది 135 డెసిబెల్స్ కింద. మామూలు భాషలో పంపిన శక్తిలో ముప్పై లక్షల కోట్లలో ఒక వంతు. పొట్టి యాంటెన్నాల వల్ల అందులోనూ పదో వంతే దక్కుతుంది. అయినా వాకీటాకీ చెవి ఎంత సూక్ష్మమంటే, దానికి కావలసినదానికంటే ఇది ఇంకా పదహారు రెట్లు ఎక్కువే. (భూమి బల్లపరుపు అనుకుని వేసిన లెక్క. వంపునూ, మధ్యలో తోపులనూ కలిపితే ఆ మిగులు చాలావరకు హరించుకుపోతుంది.) పైగా 1780లో మరో రేడియో లేదు, మోటారు లేదు, కరెంటు తీగ లేదు. గాల్లో మెరుపుల చిటపట, ఆకాశగంగ నుంచి వచ్చే సన్నటి హోరు తప్ప అడ్డే లేదు. అంత నిశ్శబ్దంలో ఏ ఇంజనీరూ ఏనాడూ రేడియో మోగించలేదు.

ఇప్పుడు అసలు తమాషా. ముఖ్యం ఒక వైపు ఎత్తు కాదు, రెండు ఎత్తుల లబ్ధం. గోపురం, నేల మీద మనిషి: 57 ఇంటూ 1.5 అంటే 85. దీనికి బదులు రెండు వైపులా చెరో 15 మీటర్ల తాటిచెట్టు తీసుకోండి. లబ్ధం 225! చేరే శక్తి ఈ లబ్ధపు వర్గం లెక్కన పెరుగుతుంది కనుక రాయలవారి రాజగోపురంకంటే రెండు తాటిచెట్లు దాదాపు ఏడు రెట్లు మేలు. ఆ ప్రాంతంలో తాటిచెట్లకు కొదవా? సిగ్నల్ దళం కూడా సిద్ధంగా ఉంది. నడుముకు మోకు బిగించి చెట్టెక్కే గీతకార్మికుణ్ణి మించిన రేడియో ఆపరేటరు ఎవరు?

బ్యాటరీ దగ్గర మాత్రం దెబ్బ తింటాం. ఒక్కో దాంట్లో సుమారు 15 వాట్-గంటలు. ఆపకుండా మాట్లాడితే గంట పైన కొద్దిసేపే. వోల్టా తొలి బ్యాటరీ 1800లో గానీ రాదు. రాగి, జింకు పలకలు ఉప్పునీళ్ళలో పెట్టి పేర్చుకోవచ్చు. జింకు మనకు కొత్త కాదు, రాజస్థాన్‌లోని జావర్‌లో శతాబ్దాలుగా బట్టీ పట్టినదే. కానీ వాకీటాకీ మాట్లాడేటప్పుడు ఒకటిన్నర ఆంపియర్ లాగుతుంది. ఉప్పునీళ్ళ పేర్పు అంత ఇవ్వాలంటే పలకలు గుమ్మం తలుపులంత ఉండాలి.

అసలు ఇదంతా ఇచ్చినా కంపెనీకి దక్కేది ఏమిటి? హైదర్‌కు అప్పటికే ఉన్నది. అతని వేగులు, తేలిక గుర్రపు దళాలు కంపెనీ శిబిరాల చుట్టూ తిరుగుతూ అడుగడుగూ చేరవేసేవాళ్ళు. దారి చూపేవాళ్ళు కూడా హైదర్ మనుషులేనని అనుమానించి ఫ్లెచర్ దారి మార్చుకున్నాడు. అందుకే బెయిలీని చేరగలిగాడు. పదో తేదీ ఉదయానికి అంతా కలిసి నాలుగు వేలకు దగ్గర. మందుగుండు బండ్లు పేలిపోయాయి, దళం నాశనమైంది. బెయిలీ శ్రీరంగపట్నం చెరలోనే 1782లో చనిపోయాడు. మన్రో తన పెద్ద ఫిరంగులను కంచి గుడి కోనేట్లో పడేసి వెనక్కి తిరిగాడు.

నన్నడిగితే బెయిలీకి వాకీటాకీకంటే వాన కబురు ముఖ్యం. ఆగస్టు 25న అతను కొర్తలయ్యారు నది ఒడ్డుకు వచ్చాడు. నీళ్ళు తక్కువ. రేపు దాటవచ్చులే అని ఇవతలే గుడారాలు వేశాడు. ఆ రాత్రి వాన పడింది, ఏరు పొంగింది. సెప్టెంబరు మొదటి వారం దాకా అవతలి ఒడ్డు చేరలేకపోయాడు. ఈరోజు చెన్నై డాప్లర్ రాడార్ చూసే పిల్లవాడెవడైనా సాయంత్రానికే 'దాటేయండి' అని చెప్పి ఉండేవాడు.

ఇదంతా రాసి పంపితే కుర్రాడి జవాబు: "మరి హైదర్ అలీకి ఏనుగులుండేవిగా సార్?" ఉండేవి. అంబారీ మీద కూర్చున్న మనిషి ఎత్తు మూడున్నర మీటర్లు అనుకో, అవతలివాణ్ణి కంచి గోపురం మీద ఉంచు, లబ్ధం కట్టి తాటిచెట్లతో పోల్చు అన్నాను. సోమవారం లోపల.