చమురు దిగితే పొదుపు అటకెక్కింది

విమాన ఇంధనాన్ని ఆదా చేసే ఉపాయాల్లో చాలావరకు కొత్తవి కావు. ఎప్పుడో దొరికి, చమురు ధర తగ్గగానే అటకెక్కి, పెరిగినప్పుడు మళ్లీ కిందికి దిగినవే.

1973 అక్టోబరుకు ముందు పీపా ముడిచమురు సుమారు 3 డాలర్లు. అరబ్ దేశాల ఆంక్షలతో కొద్ది నెలల్లోనే 12 డాలర్ల దరిదాపులకు చేరింది. ఉన్న విమానాలతోనే అప్పటికప్పుడు చేయగలిగింది వేగం తగ్గించడం. ప్రయాణం నాలుగు నిమిషాలు ఎక్కువ సాగినా నష్టం లేదనుకున్నారు. ఆ లెక్కే తర్వాత విమాన కంప్యూటర్లలోకి ఎక్కి 'కాస్ట్ ఇండెక్స్' అయింది. సిబ్బంది జీతాలు, నిర్వహణ లాంటి గంటల లెక్కన పెరిగే ఖర్చును ఇంధనం ఖర్చుతో పోల్చే అంకె అది. ఇంధనం ప్రియమైతే అంకె తగ్గుతుంది, విమానం నెమ్మదిస్తుంది.

నాసా లాంగ్లీ కేంద్రంలో రిచర్డ్ విట్‌కాంబ్ 1976లో మరో దారి చూపాడు. రెక్క కింద గాలి పీడనం ఎక్కువ, పైన తక్కువ. కొస దగ్గర కింది గాలి పైకి ఎగబాకి సుడులు తిరుగుతుంది, విమానాన్ని వెనక్కి లాగుతుంది. అక్కడ నిలువుగా చిన్న రెక్క అమరిస్తే ఆ సుడి బలం తగ్గుతుంది. అదే వింగ్‌లెట్. కేసీ-135 విమానంపై పరీక్షిస్తే ఆదా 6 శాతం దాటింది. అయినా బోయింగ్ 747-400తో అది ప్రయాణికుల సర్వీసులోకి వచ్చేసరికి 1989. బోయింగ్ 737లకు విరివిగా బిగించడం 2001 నుంచే. ఒక్క బద్ధకమే కారణం కాదు లెండి. వింగ్‌లెట్‌కూ బరువుంటుంది, దాన్ని మోయడానికి రెక్కను గట్టిపరచాలి. ఇంధనం చవకైన రోజుల్లో ఆ ఖర్చు గిట్టదు.

నాకు నచ్చిన పొదుపు మాత్రం విమానాన్ని పెద్దగా మార్చనిది. 29,000 అడుగుల పైన విమానాల మధ్య నిలువు ఎడం 2,000 అడుగులు ఉండేది. ఎత్తు కొలిచే పరికరాలు మెరుగుపడటంతో 1997లో ఉత్తర అట్లాంటిక్ మీదుగా మొదలుపెట్టి దాన్ని 1,000కి కుదించారు. తక్కువ ఇంధనంతో ఎగరగలిగే ఎత్తు మరిన్ని విమానాలకు అందింది.

ఇంజిన్ల కథ ఇంకా విచిత్రం. ఎక్కువ గాలిని నింపాదిగా నెట్టే ఇంజిన్ తక్కువ తాగుతుంది. అందుకు ఫ్యాన్ పెద్దదవ్వాలి. పెద్దదైతే దాని తొడుగు బరువెక్కుతుంది. అయితే తొడుగే తీసేద్దామనుకున్న జీఈ సంస్థ, 1986లో అలాంటి ఇంజిన్‌ను బోయింగ్ 727కు తగిలించి ఎగరేసింది. సరిగ్గా ఆ ఏడాదే చమురు ధర కుప్పకూలింది. రొద ఎక్కువన్న ఫిర్యాదు ఎలాగూ ఉంది. కొనేవారు లేక ప్రయత్నం ఆగిపోయింది.

2008 జులైలో పీపా 147 డాలర్లు తాకాక మళ్లీ కదలిక వచ్చింది. 2010లో ఎయిర్‌బస్ 15 శాతం ఆదా అంటూ ఏ320 నియోను ప్రకటించింది. 2021లో జీఈ, సాఫ్రాన్ సంస్థలు కలిసి తొడుగు లేని ఫ్యాన్‌ను తిరిగి బయటికి తీశాయి. ఈసారి లక్ష్యం 20 శాతానికి పైగా ఆదా.