పబ్బులోకి రానివ్వని సిపాయి నుంచి పాపీ పువ్వు దాకా

బ్రిటన్ నౌకాదళం పేరు రాయల్ నేవీ. వైమానిక దళం పేరు రాయల్ ఎయిర్ ఫోర్స్. సైన్యం దగ్గరికి వచ్చేసరికి ఆ 'రాయల్' కనిపించదు. అది వట్టి బ్రిటిష్ ఆర్మీ. కొన్ని రెజిమెంట్లకు ఆ బిరుదు ఉంది కానీ మొత్తం సైన్యానికి లేదు.

దీని వెనక మూడున్నర శతాబ్దాల నాటి భయం ఉంది. 1640లలో రాజుకూ పార్లమెంటుకూ జరిగిన అంతర్యుద్ధంలో పార్లమెంటు పక్షాన గెలిచిన సైన్యం, పని అయిపోయాక ఇంటికి పోలేదు. 1653లో ఆ సైన్యపు సేనాని క్రామ్‌వెల్ సిపాయిలను వెంటబెట్టుకుని వచ్చి ఆ పార్లమెంటు సభ్యులనే బయటికి గెంటించాడు. రెండేళ్ల తర్వాత దేశాన్ని ముక్కలుగా విడగొట్టి మేజర్ జనరల్స్ చేతిలో పెట్టాడు. జనం ఆ కాలాన్ని మరిచిపోలేదు. అందుకే 1689 నాటి హక్కుల చట్టంలో, పార్లమెంటు ఒప్పుకోకుండా శాంతికాలంలో సైన్యాన్ని ఉంచడం చట్టవిరుద్ధమని రాసుకున్నారు. సైన్యాన్ని నడిపే చట్టాన్ని పార్లమెంటు ఇప్పటికీ అయిదేళ్లకోసారి మళ్లీ ఆమోదించాల్సిందే.

ఈమధ్య బ్రిటన్ యువతలో దేశభక్తి తగ్గిపోయిందని, సైన్యంలో చేరేవాళ్లు కరువయ్యారని తరచూ వార్తలు వస్తున్నాయి. అవి చదివితే ఒకప్పుడు ఆ దేశమంతా సైనికుణ్ణి నెత్తిన పెట్టుకుందనీ, ఇప్పుడు కిందికి దించేసిందనీ అనిపిస్తుంది. చరిత్ర అలా లేదు. బ్రిటిషర్లకు సైనికుడంటే ఉన్న అభిప్రాయం ఒకటి, యుద్ధమంటే ఉన్న అభిప్రాయం ఒకటి, తమను యుద్ధానికి పంపే ప్రభుత్వమంటే ఉన్న అభిప్రాయం మరొకటి. ఈ మూడూ కలిసి నడిచిన రోజులు చాలా తక్కువ.

18వ శతాబ్దంలో సైనికుడంటే ఊళ్లో సత్రాల మీద పడి తినేవాడు, తాగి గొడవ చేసేవాడు. ఇంట్లో కొడుకు పటాలంలో చేరాడంటే పరువు పోయిందని బాధపడిన కుటుంబాలున్నాయి. నెపోలియన్ మీద గెలుపులు తెచ్చిపెట్టిన వెల్లింగ్టన్ స్వయంగా 1813లో తన సిపాయిలను సమాజంలోని మడ్డి అన్న అర్థంలో తిట్టాడు. నావికుడి సంగతి వేరు. ఓడ సముద్రం మీదే ఉంటుంది, ఊళ్లోకి వచ్చి జనం మీద కత్తి దూయదు. సైన్యం దూసింది. 1819 ఆగస్టు 16న మాంచెస్టర్‌లో, ఓటు హక్కు కోసం పిల్లాపాపలతో సెయింట్ పీటర్స్ మైదానంలో చేరిన జనం మీదికి గుర్రపు దళాన్ని తోలారు. పద్దెనిమిది మంది వరకూ చనిపోయారు. నెపోలియన్ మీద నాలుగేళ్ల కిందటి వాటర్లూ విజయాన్ని గుర్తుచేస్తూ పత్రికలు దానికి 'పీటర్లూ' అని పేరు పెట్టాయి. అదే సైన్యం, రెండు పేర్లు.

మార్పు రష్యాతో జరిగిన క్రిమియా యుద్ధంతో మొదలైంది. 1854లో లండన్ పత్రిక టైమ్స్ విలేకరి విలియం హోవర్డ్ రసెల్ యుద్ధభూమి నుంచి పంపిన వార్తల్లో మొదటిసారిగా సిపాయి మనిషిలా కనిపించాడు. చలికి, కలరాకు, పైఅధికారుల తెలివితక్కువతనానికి బలైన మనిషిలా. 1856లో పెట్టిన విక్టోరియా క్రాస్ పతకాన్ని హోదాతో పని లేకుండా మామూలు సిపాయికీ ఇవ్వొచ్చన్నారు. మరుసటి ఏడాది మన దగ్గర తిరుగుబాటు. దాన్ని అణచిన సేనానుల్లో ఒకడైన హావ్‌లాక్ అక్కడ ఇంటింటి వీరుడయ్యాడు. అతని విగ్రహం ఇవాళ్టికీ లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఉంది. 1857ను స్వాతంత్ర్య సమరంగా చదువుకున్న మనం ఆ విగ్రహం ముందు నిలబడితే, దేశభక్తి అన్న మాట ఏ వైపు నిలబడి చూస్తున్నామన్న దాన్ని బట్టి ఎంత మారిపోతుందో అర్థమవుతుంది.

అయినా యుద్ధం లేని రోజుల్లో సిపాయికి మర్యాద దక్కలేదు. ఎర్రకోటు వేసుకున్నవాణ్ణి పబ్బులోకి రానివ్వకపోవడం, నాటకశాలలో వెనక్కి తోలేయడం గురించి రచయిత కిప్లింగ్ 1890లో కోపంగా పద్యం రాశాడు.

అప్పటికి దేశభక్తి పాటల రూపంలో వీధుల్లోకి వచ్చేసింది. రష్యాతో యుద్ధానికి దిగుదామా అని ఊగిసలాడుతున్న 1878లో మ్యూజిక్ హాళ్లనే వినోదశాలల్లో మార్మోగిన ఒక పాట నుంచే 'జింగోయిజం', అంటే యుద్ధానికి ఉరకలేసే దేశభక్తి, అన్న మాట పుట్టింది. 1900 మే నెలలో దక్షిణాఫ్రికాలో మేఫకింగ్ పట్టణం ముట్టడి వీడిందన్న కబురు రాగానే లండన్ వీధుల్లో జనం రాత్రంతా గంతులేశారు. అదే యుద్ధంలో బ్రిటిష్ సైన్యం బోయర్ల, అంటే అక్కడ స్థిరపడిన డచ్ సంతతి వాళ్ల, ఇళ్లు తగలబెట్టి, ఆడవాళ్లనూ పిల్లలనూ ముళ్లకంచెల శిబిరాల్లో పెట్టింది. అక్కడ వేలాది మంది రోగాలతో చనిపోయారు. ఎమిలీ హాబ్‌హౌస్ అనే ఆమె స్వయంగా వెళ్లి చూసివచ్చి ఆ సంగతి చెబితే దేశద్రోహి అన్నారు. యుద్ధాన్ని విమర్శిస్తూ మాట్లాడడానికి 1901 డిసెంబరులో బర్మింగ్‌హామ్ వెళ్లిన ఎంపీ లాయిడ్ జార్జ్, జనం రాళ్లు రువ్వుతూ హాలు మీద పడితే పోలీసు వేషం వేసుకుని తప్పించుకోవాల్సి వచ్చింది. ఆయనే పదిహేనేళ్ల తర్వాత ప్రధాని అయి మొదటి ప్రపంచ యుద్ధాన్ని నడిపాడు. బ్రిటిషర్ల మనసులోని మలుపులన్నీ ఆ ఒక్క మనిషి జీవితంలో కనిపిస్తాయి.

ఆ యుద్ధం గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఇవాళ్టి బ్రిటన్ సైన్యం గురించి ఏం అనుకుంటున్నా దాని మూలం అక్కడే ఉంది. 1914 ఆగస్టులో యుద్ధం ప్రకటించాక 1916 మొదటి దాకా నిర్బంధం అన్నది లేదు. దాదాపు 25 లక్షల మంది తమంతట తామే వచ్చి చేరారు. ఒకే ఊరివాళ్లు, ఒకే మిల్లులో పనిచేసేవాళ్లు, ఒకే ఫుట్‌బాల్ జట్టువాళ్లు కలిసి చేరితే కలిపే ఉంచుతామని ప్రభుత్వం మాట ఇచ్చింది. వాటిని 'పాల్స్' బెటాలియన్లు, అంటే దోస్తుల దళాలు అనేవారు. కలిసి చేరారు, కలిసే పోయారు. 1916 జులై 1న ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధం మొదటి రోజున అక్రింగ్టన్ అనే నేత మిల్లుల ఊరికి చెందిన దళం నుంచి సుమారు 700 మంది ముందుకు కదిలితే, అరగంటలో 580 మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు, లేదా ఆచూకీ లేకుండా పోయారు. ఆ ఒక్క రోజులో బ్రిటిష్ సైన్యంలో 19,240 మంది ప్రాణాలు పోయాయి. సొంత కొడుకు పోకపోయినా పక్కింటి అబ్బాయి పోయిన వీధులవి.

రెండు వారాల తర్వాత, జులై 14న, అదే సోమ్‌లో హై వుడ్ అనే అడవి పక్కన పంట చేల మీదుగా గుర్రాల మీద బల్లేలతో దూసుకుపోయినవాళ్లు సికింద్రాబాద్ అశ్విక బ్రిగేడ్ వాళ్లు. అందులో డెక్కన్ హార్స్ ఉంది, ఒకప్పటి నిజాం ఖర్చు మీద నడిచిన దళాల వారసత్వం దానిది. వీళ్లను బ్రిటన్ చాలాకాలం తన కథలో కలుపుకోలేదు. భారత ఉపఖండం, ఆఫ్రికా, కరీబియన్ దీవుల నుంచి వచ్చి రెండు ప్రపంచ యుద్ధాల్లో పోరాడినవాళ్ల కోసం లండన్ హైడ్ పార్క్ కార్నర్ దగ్గర స్మారక ద్వారాలు వెలసింది 2002లో.

ఇంటి దగ్గర ఇంకో ఒత్తిడి. యూనిఫాం లేని కుర్రాడు వీధిలో కనిపిస్తే, పిరికివాడివని చెప్పే గుర్తుగా ఆడవాళ్లు తెల్ల ఈక చేతిలో పెట్టేవారు. నిర్బంధ సైనిక సేవ వచ్చాక మనస్సాక్షి ఒప్పుకోదని నిలబడినవాళ్లు 16,000 మంది దాకా ఉన్నారు. వాళ్లలో 35 మందిని ఫ్రాన్స్ తీసుకెళ్లి మరణశిక్ష చదివి, తర్వాత పదేళ్ల కఠిన శిక్షగా మార్చారు. సిపాయి మర్యాద కోసం పద్యం రాసిన కిప్లింగ్, చూపు సరిగా లేని తన కొడుకును పలుకుబడితో సైన్యంలో చేర్పించాడు. ఆ కుర్రాడు 1915లో ఫ్రాన్స్‌లోని లూస్ దగ్గర పోయాడు. పద్దెనిమిదేళ్లు. శవం కూడా తండ్రికి దొరకలేదు.

ఈ మొత్తం చరిత్రలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఒక నర్సు మాట. ఎడిత్ కావెల్ బ్రస్సెల్స్‌లో నర్సింగ్ స్కూలు నడిపేది. జర్మన్ల ఆక్రమణలో చిక్కుకున్న మిత్రపక్ష సైనికులను దేశం దాటించినందుకు 1915 అక్టోబరు 12న ఆమెను కాల్చి చంపారు. దేశభక్తి ఒక్కటే చాలదనీ, ఎవరి మీదా ద్వేషం గానీ చేదు గానీ ఉండకూడదనీ ముందు రోజు రాత్రి తనను చూడవచ్చిన పాదరీతో చెప్పింది. ప్రభుత్వం ఆమె బొమ్మను సైన్యంలో చేరమనే ప్రచారానికి వాడుకుంది. ట్రఫాల్గర్ స్క్వేర్ పక్కనే 1920లో ఆమె విగ్రహం పెట్టినప్పుడు ఆ మాటలు దాని మీద లేవు. నాలుగేళ్లకు, 1924లో చెక్కారు. హావ్‌లాక్ విగ్రహం నుంచి అక్కడికి రెండు మూడు నిమిషాల నడక.

యుద్ధం తర్వాత గెలుపు స్తంభాలు కట్టాలని జనానికి అనిపించలేదు. లండన్‌లో కట్టింది సెనొటాఫ్, అంటే ఖాళీ సమాధి. 1920 నవంబరు 11న వెస్ట్‌మినిస్టర్ ఆబేలో రాజుల పక్కన పూడ్చింది పేరు తెలియని ఒక సిపాయిని. మరుసటి ఏడాది నుంచి యుద్ధంలో పోయినవాళ్ల గుర్తుగా నవంబరులో కోటు మీద ఎర్రటి పాపీ (గసగసాల) పువ్వు పెట్టుకోవడం మొదలైంది. 1933లో మహిళా సహకార సంఘం వాళ్లు, ఇంకెప్పుడూ యుద్ధం వద్దంటూ తెల్ల పాపీ తెచ్చారు. అదే ఏడాది ఫిబ్రవరి 9న ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు, ఎట్టి పరిస్థితిలోనూ రాజు కోసం, దేశం కోసం పోరాడం అన్న తీర్మానాన్ని 275 ఓట్లతో గెలిపించారు. వ్యతిరేకించినవి 153. పత్రికలు గగ్గోలు పెట్టాయి, ఈ తరం పనికిరాదన్నాయి. ఆరేళ్లకు హిట్లర్ మీద యుద్ధం వచ్చింది. ఆ తరమే వెళ్లి పోరాడింది.

రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడూ పౌరుడూ అన్న గీత చెరిగిపోయింది. బాంబులు లండన్, కోవెంట్రీ ఇళ్ల మీదే పడ్డాయి. గెలిపించిన చర్చిల్‌ను 1945 ఎన్నికల్లో అదే జనం దించేసి, ఉచిత వైద్యం ఇస్తామన్న లేబర్ పార్టీ నాయకుడు అట్లీని కూర్చోబెట్టారు. సిపాయిల ఓట్లు కూడా ఆ పార్టీ వైపే ఎక్కువగా మొగ్గాయి. దేశం మీద ప్రేమను వాళ్లు అలా అర్థం చేసుకున్నారు.

తర్వాత 1960 దాకా కుర్రాళ్లను నిర్బంధంగా సైన్యంలోకి పిలిచేవారు. చివరి బ్యాచ్ 1963లో ఇంటికొచ్చింది. ఆ రోజుల గురించి అడిగితే వీరగాథలు తక్కువ, బంగాళాదుంపల తొక్క తీయడం, తనిఖీ కోసం బొగ్గుకు తెల్లరంగు వేయడం లాంటి కబుర్లు ఎక్కువ. ఈలోపు 1956లో సూయెజ్ కాలువ కోసం ఈజిప్టు మీదికి పోయి, అమెరికా కన్నెర్ర చేస్తే వెనక్కి రావడంతో సామ్రాజ్యపు గొప్ప కరిగిపోయింది. సినిమా అయ్యాక జాతీయ గీతం మొదలయ్యేలోపు తలుపు దగ్గరికి పరుగెత్తే అలవాటు ముదిరి, చివరికి హాళ్లలో గీతం వేయడమే మానేశారు.

ఉత్తర ఐర్లండ్ వేరే గాయం. 1972 జనవరి 30న డెర్రీలో పౌరహక్కుల ఊరేగింపు మీద పారాట్రూపర్లు కాల్పులు జరిపారు. 13 మంది అక్కడే చనిపోయారు. వాళ్లు నిర్దోషులని ఒప్పుకుని ప్రధాని కామెరాన్ క్షమాపణ చెప్పింది 2010లో. అటు ఉత్తర ఐర్లండ్‌ను బ్రిటన్ నుంచి విడదీయాలని పోరాడిన సాయుధ సంస్థ ఐఆర్ఏ బాంబుల భయంతో సైనికులు యూనిఫాంలో బయట తిరగడం తగ్గించేశారు. ఒక తరం బ్రిటిషర్లు వీధిలో సైనికుణ్ణి చూడకుండానే పెరిగారు.

1982లో అర్జెంటీనాతో ఫాక్‌లాండ్స్ దీవుల కోసం జరిగిన యుద్ధం ఆ పాత ఉత్సాహాన్ని లేపింది. ఓడలు తిరిగొస్తే రేవుల్లో జెండాలు, బ్యాండు మేళాలు. బ్రిటన్ వైపు 255 మంది, అర్జెంటీనా వైపు 649 మంది చనిపోయారు. జులైలో సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో జరిగిన ప్రార్థనలో ఆర్చిబిషప్ రాబర్ట్ రన్సీ రెండు వైపులా చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించాడు. శత్రువు పేరు కూడా ఎత్తుతావా అని ప్రధాని థాచర్ పార్టీలో కొందరు మండిపడ్డారు. ఆ రన్సీ రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకు నడిపి మిలిటరీ క్రాస్ అనే సాహస పతకం సంపాదించినవాడు. యుద్ధం చేసిన మనిషికీ, యుద్ధాన్ని టీవీలో చూసి చప్పట్లు కొట్టే మనిషికీ ఉన్న తేడా నాకు అక్కడ కనిపిస్తుంది.

2003 ఫిబ్రవరి 15న ఇరాక్ యుద్ధం వద్దంటూ లండన్‌లో జనం పోటెత్తారు. పోలీసుల లెక్కే ఏడున్నర లక్షలు. ప్రభుత్వం వినలేదు. జనం కోపం అప్పుడప్పుడూ సైనికుల మీదికీ మళ్లింది. పీటర్‌బరోలో వైమానిక దళం వాళ్లను జనం తిడుతున్నారని 2008లో యూనిఫాంలో ఊళ్లోకి వెళ్లొద్దని చెప్పారు. అంతకు ముందు ఏడాదే సైన్యాధిపతి రిచర్డ్ డానట్, సైన్యానికీ దేశానికీ దూరం పెరుగుతోందని బహిరంగంగా బాధపడ్డాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే విల్ట్‌షైర్‌లోని వుటన్ బాసెట్ అనే చిన్న ఊళ్లో ఒకటి జరిగింది. 2007 ఏప్రిల్ నుంచి ఇరాక్, అఫ్గానిస్థాన్‌లలో చనిపోయినవాళ్ల శవపేటికలు పక్కనే ఉన్న లైనమ్ వైమానిక స్థావరంలో దిగేవి. అక్కడి నుంచి ఆక్స్‌ఫర్డ్ ఆసుపత్రికి పోయే దారి ఆ ఊరి బజారు మీదుగా వెళ్తుంది. మొదట్లో కొద్దిమంది మాజీ సైనికులు రోడ్డు పక్కన ఆగి సెల్యూట్ చేశారు. తర్వాత కొట్లు మూసి అందరూ వచ్చారు. చర్చి గంట మోగేది, జెండాలు వంగేవి, ఒక్కరూ మాట్లాడేవారు కాదు. ప్రభుత్వం చెప్పి చేయించింది కాదు. 2011లో ఆ స్థావరానికి శవపేటికలు రావడం ఆగే వేళకు 345 మందిని అలా సాగనంపారు. యుద్ధాన్ని సమర్థించినవాళ్లూ ఆ వరుసలో ఉన్నారు, వ్యతిరేకించినవాళ్లూ ఉన్నారు. సైన్యానికి లేని 'రాయల్' బిరుదు ఆ ఊరికి దక్కింది.

ఇక్కడే నాకు ఒక టెన్షన్ ఉంది. ఆ మౌనం నిజమైనదే. కానీ అదే కాలంలో వచ్చిన సాయుధ దళాల దినోత్సవం, ప్రతి సైనికుణ్ణీ హీరో అనే అలవాటు, పాపీ పెట్టుకోని టీవీ యాంకర్ మీద విరుచుకుపడటం, ఇవన్నీ కలిసి ఒక ప్రశ్నను కప్పేశాయి. వాళ్లను అక్కడికి ఎందుకు పంపారన్న ప్రశ్న. ఇరాక్ యుద్ధం మీద అధికారిక విచారణ చేసిన చిల్కాట్ నివేదిక రావడానికి 2016 దాకా పట్టింది.

ఇప్పుడు బ్రిటిష్ సైన్యం సంఖ్య 73,000కు అటూ ఇటూగా ఉంది. నెపోలియన్ కాలం తర్వాత ఇంత తక్కువ ఎన్నడూ లేదంటారు. దేశ చరిత్ర చూసి గర్విస్తామన్నవాళ్లు 2013 సర్వేలో 86 శాతం ఉంటే, పదేళ్లకు 64 శాతానికి తగ్గారు. పద్దెనిమిదేళ్ల వాళ్లకు నేషనల్ సర్వీస్, అంటే నిర్బంధ సేవ, పెడతామని 2024 ఎన్నికల్లో రిషి సునాక్ చెప్పాడు, ఓడిపోయాడు. 2025 ఫిబ్రవరిలో టైమ్స్ పత్రిక 18 నుంచి 27 ఏళ్ల వాళ్లను అడిగిస్తే, దేశం కోసం పోరాడతామన్నవాళ్లు 11 శాతం. 1933లో లాగే మళ్లీ గగ్గోలు. ఆ జవాబిచ్చినవాళ్లలో పెద్దవాళ్లు వుటన్ బాసెట్‌లో శవపేటికలు వెళ్తున్నప్పుడు పదేళ్ల పిల్లలు. సాయంత్రం వార్తల్లో ఆ బజారును, ఆ నల్ల కార్లను చూస్తూ పెరిగారు. 2021 ఆగస్టులో, కాబూల్ మళ్లీ తాలిబన్ల చేతికి పోవడం కూడా వాళ్లే ఫోన్లలో చూశారు.